టెక్సస్‌లో కారు బీమా: ఆ రెండు కాగితాల మీద సంతకం పెట్టే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్ వచ్చి నాలుగు నెలలైంది. 2019 క్యామ్రీ ఒకటి 17 వేల డాలర్లకు కొన్నారు, అందులో చాలా భాగం అప్పే. ఏజెంటు రెండు ధరలు చెప్పాడు: ఒకటి ‘స్టేట్ మినిమం’, రెండోది ‘ఫుల్ కవరేజ్’. రెండో దాని ధర కాస్త తగ్గాలంటే రెండు కాగితాల మీద సంతకం చేసి పంపమన్నాడు. పిప్ (తప్పు ఎవరిదైనా మన వైద్యం ఖర్చు ఇచ్చేది) వద్దని ఒకటి, అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ (గుద్దినవాడికి బీమా లేనప్పుడు మనల్ని ఆదుకునేది) వద్దని మరొకటి. మీ రూమ్మేటేమో ‘ఫుల్ ఉందిగా, ఇంకేం కావాలి’ అంటున్నాడు. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు.

నేను 2009లో డాలస్ వచ్చాను. తొమ్మిదేళ్లు ఒక బీమా సంస్థలో ఆటో క్లెయిములు చూసే అడ్జస్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు వేరే ఉద్యోగం, ఎవరికీ పాలసీలు అమ్మను. కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను, కాస్త పొడవైనా సరే.

ముందు ఆ ‘ఫుల్’ అనే మాట సంగతి చూద్దాం. మన దగ్గర కారు కొన్నవాళ్లకు రెండే రకాలు తెలుసు: థర్డ్ పార్టీ, ఫుల్ ఇన్సూరెన్స్. ఆ లెక్కను విమానంలో వెంట తెచ్చుకోవడంతోనే తప్పు మొదలవుతుంది. ఇండియాలో థర్డ్ పార్టీ పాలసీ మీద మనిషి చనిపోయినా, గాయపడినా బీమా కంపెనీ ఇవ్వాల్సిన పరిహారానికి పైపరిమితి లేదు. ట్రిబ్యునల్ ముప్పై లక్షలు ఇమ్మంటే ముప్పై, కోటి ఇమ్మంటే కోటి. ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల హద్దు ఉంటుంది. అందుకే అక్కడ ‘ఇన్సూరెన్స్ ఉందా, లేదా’ అని అడిగితే సరిపోతుంది. ఇక్కడ ‘ఎంతకు ఉంది’ అని అడగాలి. పాలసీ మీద రాసిన అంకె దగ్గర కంపెనీ ఆగిపోతుంది, ఆ పైది మీ నెత్తిన పడుతుంది.

టెక్సస్‌లో ఆ కనీసపు అంకె 30/60/25. 2011 నుంచి ఇదే. మీ వల్ల ప్రమాదం జరిగితే అవతలి వాళ్లలో ఒక్కో మనిషి గాయాలకు 30 వేల డాలర్ల దాకా, అందరికీ కలిపి 60 వేల దాకా, వాళ్ల కారుకూ ఇతర ఆస్తికీ 25 వేల దాకా కంపెనీ ఇస్తుంది. దీన్నే లయబిలిటీ అంటారు. ఇందులో మీ కారుకు ఒక్క డాలరు లేదు, మీ ఒంటికి ఒక్క డాలరు లేదు. ఇది పూర్తిగా ఎదుటివాడి కోసం రాష్ట్రం పెట్టిన నిబంధన.

ఈ అంకెలు ఎలా చాలకుండా పోతాయో నా పాత బల్ల మీదికి వచ్చేలాంటి ఒక ఫైలు ఊహించుకోండి. సాయంత్రం ఆరు, సిగ్నల్ ఎరుపుకు మారింది, మీరు ఒక్క క్షణం ఆలస్యంగా చూశారు. ఎదురుగా కొత్త పికప్ ట్రక్కు, అందులో ముగ్గురు. ట్రక్కు మరమ్మతుకు పనికిరాదని తేల్చారు, దాని విలువ 41 వేలు. ఒకరి ఆసుపత్రి, జీతనష్టం లెక్క 45 వేలు, రెండో మనిషికి 28 వేలు, మూడో మనిషికి 12 వేలు. ఇవేమీ ఇక్కడ పెద్ద అంకెలు కావు. అంబులెన్సు, ఒక స్కానింగు, ఒక చిన్న ఆపరేషన్ చాలు. ఇప్పుడు లెక్క వేయండి. మొదటి మనిషికి 30 వేల దగ్గర ఆగుతుంది, 15 వేలు తక్కువ. రెండో మనిషికి 28 ఇచ్చాక 60లో మిగిలేది 2 వేలు, అంటే మూడో మనిషికి 10 వేలు తక్కువ. ట్రక్కుకు 25 పోను 16 వేలు తక్కువ. మొత్తం 41 వేల డాలర్లకు మిమ్మల్ని అడుగుతారు. అన్ని కేసులూ ఇంత శుభ్రంగా పంచుకోవు, ముందు రాజీకి వచ్చినవాడికి ముందు పోతుంది. అయినా లోటు ఎక్కడో ఒకచోట తేలక మానదు.

అవతలివాళ్ల లాయర్లు మొదట అడిగేది కూడా ఈ పాలసీ పరిమితి అంకెనే. టెక్సస్‌లో 1929 నాటి స్టోవర్స్ అనే కోర్టు తీర్పు ఉంది. పాలసీ పరిమితిలోపు న్యాయమైన రాజీ ప్రతిపాదన వచ్చినప్పుడు కంపెనీ నిర్లక్ష్యంగా కాదంటే, తరువాత కోర్టు ఎక్కువ ఇమ్మన్నది కంపెనీయే భరించాలన్నది దాని సారం. అందుకే లాయరు ఉత్తరం వస్తే మేమందరం గడియారం చూసుకుంటూ పనిచేసేవాళ్లం. ఆ తీర్పు మీకు కొంత రక్షణే. కానీ నష్టం పరిమితికి రెండింతలు, మూడింతలు ఉన్నప్పుడు అవతలివాళ్లు ఆ పరిమితికి ఒప్పుకుని ఊరుకోవాలని ఏమీ లేదు.

ఇక మీ ఏజెంటు చెప్పిన మొదటి ధర గురించి. అప్పు ఉన్నంతకాలం అది మీకు అసలు పనికిరాదు. కారుకు కొలిజన్, కాంప్రహెన్సివ్ రెండూ ఉండాలని అప్పిచ్చినవాడి ఒప్పందంలోనే రాసి ఉంటుంది. మీరు పెట్టకపోతే వాడే ఒక పాలసీ తెచ్చి ఖర్చు మీ వాయిదాలో కలుపుతాడు, అది చాలా ఖరీదు. ఆ రెండూ చేర్చిన పాలసీని జనం ‘ఫుల్ కవరేజ్’ అంటున్నారు. చట్టంలో ఆ మాటకు నిర్వచనం లేదు. మీ రూమ్మేటు ‘ఫుల్’లో లయబిలిటీ ఇంకా 30/60/25 దగ్గరే ఉండి ఉంటుంది, చూడమనండి. తన కారుకు రక్షణ ఉంది, తన జీవితపు పొదుపుకు లేదు.

కొలిజన్ అంటే తప్పు ఎవరిదైనా మీ కారు మరొక కారునో స్తంభాన్నో గుద్దినప్పుడు బాగుచేయించేది. కాంప్రహెన్సివ్ అంటే దొంగతనం, మంటలు, వరద, జింక అడ్డం రావడం, వడగళ్లు. డాలస్ చుట్టుపక్కల వడగళ్లను తేలిగ్గా తీసుకోవద్దు. మార్చి నుంచి జూన్ దాకా ఏదో ఒక రాత్రి బంతి సైజు గడ్డలు పడతాయి, తెల్లారేసరికి అపార్ట్‌మెంటు పార్కింగులో కార్లన్నీ పాత ఇత్తడి చెంబుల్లా సొట్టలు పడి కనిపిస్తాయి. కప్పులేని పార్కింగులో ఉంటున్నవాళ్లు అప్పు తీరాక కూడా కాంప్రహెన్సివ్ తీసేయవద్దు. దాని ధర సాధారణంగా కొలిజన్ కంటే తక్కువే. ఒక విషయం గుర్తుంచుకోండి: రెండింటిలోనూ ఇచ్చేది ఆ రోజు కారుకు మార్కెట్‌లో ఉన్న విలువే, మీరు కొన్న ధర కాదు. అప్పు ఆ విలువ కంటే ఎక్కువగా ఉంటే మధ్య తేడా కోసం గ్యాప్ అనే విడి కవరేజ్ ఉంటుంది. మీరు చేతి నుంచి పెద్దగా కట్టలేదంటున్నారు కాబట్టి మొదటి రెండేళ్లు తీసుకోండి. అయితే కార్ల షోరూములో అమ్మే గ్యాప్ ధర, మీ బీమా కంపెనీలో దాని ధర రెండూ అడిగి పోల్చండి, తేడా చూసి ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు ఆ రెండు కాగితాలు. ఈ సమాధానం రాయడానికి కూర్చున్నదే వాటి కోసం.

టెక్సస్ చట్టం ప్రకారం కంపెనీ మీకు పిప్, అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ రెండూ ఇవ్వజూపాలి. మీరు రాతపూర్వకంగా వద్దంటే తప్ప అవి పాలసీలో ఉన్నట్టే లెక్క. అందుకే ధర తగ్గించి చూపించాలనుకునే ఏజెంటు ముందు ఆ సంతకాలు అడుగుతాడు. మిగతా సంతకాల మధ్య, ఫోనులో వేలితో గీసే పద్ధతిలో, పది సెకన్లలో అయిపోతుంది.

నా కథ చెబుతాను. 2010 నవంబరు, అప్పటికి నేను ఈ రంగంలోకి రాలేదు. 2003 కరోలా, మీ మొదటి ధరలాంటి పాలసీ. ఇర్వింగ్‌లోనే మెకార్థర్ బులవార్డ్ మీద పచ్చ లైటుకు కదిలాను. కుడివైపు నుంచి ఒక తెల్ల కారు ఎర్ర లైటు దాటుకుని వచ్చి ముందు చక్రం మీద గుద్దింది. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంది, నోటిలో సున్నంలాంటి పొడి, ఎడమ మణికట్టు వంకరగా వేలాడుతోంది. దిగి చూస్తే ఆవిడ నాకంటే ఎక్కువగా వణుకుతోంది, వెనక సీట్లో చిన్న పాప. తప్పు తనదేనని పోలీసు ముందు ఒప్పుకుంది. బీమా కార్డు ఇచ్చింది. దాని మీద ఫిబ్రవరి దాకా గడువు ఉంది. నేను ధైర్యంగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఆ కంపెనీకి ఫోను చేస్తే పాలసీ సెప్టెంబరులోనే రద్దయిందన్నారు. తరువాత ఈ పనిలోకి వచ్చాక తెలిసింది, ఇది చాలా మామూలు వ్యవహారమని. ఆరు నెలల పాలసీ తీసుకుని, మొదటి వాయిదా కట్టి, కార్డు చేతికి రాగానే మానేస్తారు. కార్డుకు ఆ సంగతి తెలియదు కదా. ఇప్పుడు పోలీసులు కంప్యూటర్‌లో చూసుకోగలరు, దొరికితే మొదటిసారి 175 నుంచి 350 డాలర్ల జరిమానా వేస్తారు. కానీ ఆ జరిమానా నా మణికట్టుకు రాదు. ఆవిడ మీద దావా వేసి గెలిచినా వసూలు చేయడానికి ఏమీ లేదు. నా సొంత కంపెనీకి ఫోను చేశాను. అటువైపు అమ్మాయి చాలా మర్యాదగా, ‘మీరు ఈ కవరేజ్ వద్దని సంతకం చేశారు సార్’ అని ఆ కాగితం ఈమెయిల్ చేసింది. నా సంతకమే, నా చేతిరాతలో తేదీ కూడా ఉంది. కారు పోయింది. కట్టు, ఎక్స్‌రేలు, ఫిజియోథెరపీ కలిపి నాలుగు వేల పైచిలుకు డాలర్లు జేబులోంచి కట్టాను. ఆ కవరేజ్ వద్దనడం వల్ల నెలకు నేను మిగుల్చుకున్నది ఒక పూట బిర్యానీ ఖరీదు.

ఆ అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్‌లో రెండు సందర్భాలు ఉంటాయి. అవతలివాడికి అసలు బీమా లేకపోవడం ఒకటి, ఉన్నా చాలకపోవడం రెండోది. ఎదుటివాడి దగ్గర కూడా కనీసపు 30 వేలే ఉండి, మీ ఆసుపత్రి లెక్క 80 వేలు అయితే, ఆ పై 50 వేలకు మీ సొంత పాలసీ నిలబడేది ఈ రెండో పద్దు కిందే. గుద్ది పారిపోయినవాడి విషయంలోనూ ఇదే ఆదుకుంటుంది, అయితే టెక్సస్‌లో ఒక మెలిక ఉంది: పారిపోయిన వాహనం మీ కారుకు నిజంగా తగిలి ఉండాలి. ఎవరో అడ్డం వస్తే తప్పించబోయి మీరు డివైడర్‌ను గుద్దితే ఇది వర్తించదు, అక్కడ కొలిజన్, పిప్ మాత్రమే దిక్కు. కారు నష్టానికి ఇందులో 250 డాలర్లు మీరు భరించాలి.

పిప్ సంగతి వేరు. తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకుండా మీకూ, మీ కారులో ఉన్నవాళ్లకూ వైద్యం ఖర్చు ఇచ్చేది ఇది. పోయిన జీతంలో 80 శాతం దాకా కూడా ఇస్తుంది. కంపెనీలు ఇవ్వజూపే కనీసం 2,500 డాలర్లు, అడిగితే 5 వేలు, 10 వేలు పెట్టుకోవచ్చు. ‘నాకు ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, ఇది దండగ’ అన్నది అందరి వాదన. మీ ఒక్కరి వరకూ అందులో కొంత నిజం ఉంది. కానీ జూన్‌లో మీ కారు వెనక సీట్లో కూర్చునేవాళ్లకు ఆఫీసు ఇన్సూరెన్స్ లేదు. అమ్మానాన్నలకు తీసుకునే విజిటర్ పాలసీల్లో డిడక్టిబుల్ (కంపెనీ ఇచ్చే ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) ఉంటుంది, పరిమితులు ఉంటాయి, పాత జబ్బులకు ముడిపెట్టి తిప్పి పంపడం ఉంటుంది. అరవై ఐదేళ్ల మనిషికి సీటు బెల్టు ఒత్తుకుని పక్కటెముక నొప్పి అంటే ఎమర్జెన్సీ గదిలో మొదటి అడుగే వేల డాలర్లు. అప్పుడు తప్పు ఎవరిది, అవతలి కంపెనీ ఎప్పుడు ఒప్పుకుంటుంది అని చూడకుండా వెంటనే డబ్బిచ్చేది పిప్. మెడికల్ పేమెంట్స్ అని మరొకటి చూపిస్తారు. అది వైద్యం ఖర్చుకే, జీతం పద్దు ఉండదు. రెండింటిలో నేను పిప్ వైపే ఉంటాను.

నాన్నగారు కారు నడుపుతారా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఒకటి రెండుసార్లు మీ అనుమతితో నడిపితే సాధారణంగా మీ పాలసీ వర్తిస్తుంది. ఆరు నెలలు ఇంట్లో ఉండి రోజూ గుడికీ, మార్కెట్‌కూ తీసుకెళ్తారంటే ముందుగా కంపెనీకి చెప్పి పేరు చేర్పించండి. చెప్పకుండా ఉంచి ప్రమాదం తరువాత చెబితే అడ్జస్టర్‌కు వచ్చే మొదటి అనుమానం అదే. ఆ అనుమానం నేనూ పడ్డాను.

మరి ఇవన్నీ పెడితే ధర పెరగదా? పెరుగుతుంది. తగ్గించుకోవాల్సిన చోటు వేరే ఉంది: డిడక్టిబుల్. కొలిజన్‌కు 500 బదులు 1,000 పెట్టండి. ఆ వెయ్యి మీరు ఎలాగో సర్దుకోగలరు, 41 వేలు సర్దుకోలేరు. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. బంపర్ మీద గీత పడితే కంపెనీ ఇవ్వాలని డిడక్టిబుల్ 250కి దించి, లయబిలిటీని అడుగున వదిలేస్తారు. పైగా చిన్న గీతకు క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడాది ప్రీమియంలో అది తిరిగి వెళ్లిపోతుంది. నేను 30/60/25 నుంచి 100/300/100కి మారినప్పుడు నాకు నెలకు 14 డాలర్లు పెరిగింది, డిడక్టిబుల్ పెంచితే అందులో 11 వెనక్కి వచ్చింది. మీ అంకెలు వయసు, జిప్ కోడ్, క్రెడిట్ స్కోరును బట్టి మారతాయి. వచ్చి నాలుగు నెలలే కాబట్టి మీ క్రెడిట్ చరిత్ర పలచగా ఉంటుంది, మొదటి ఏడాది ధర ఎక్కువే. ఆరు నెలలకోసారి వేరే కంపెనీల ధరలు అడుగుతూ ఉండండి.

ఫుడ్ డెలివరీ చేస్తే మామూలు పాలసీ వర్తించదు, ఆ ఆలోచన ఉంటే విడిగా అడగాలి. టోయింగ్, అద్దె కారు లాంటివి మీ ఇష్టం. ఇంట్లో ఒకటే కారు ఉంటే అద్దె కారు పద్దు పెట్టుకోవడం మేలు.

ప్రాజెక్టు మారితే రాష్ట్రం మారుతుంది కాబట్టి ఒక మాట. ఈ నిబంధనలు దేశమంతా ఒకటి కాదు. కాలిఫోర్నియాలో 1967 నుంచి ఉన్న 15/30/5, 2025 జనవరిలో 30/60/15 అయింది. ఐదు వేల డాలర్లకు ఈ రోజుల్లో ఒక హెడ్‌లైటు, బంపర్ వస్తాయేమో. వర్జీనియాలో 2024 జూలై దాకా 500 డాలర్లు రుసుము కట్టి బీమా లేకుండా తిరగనిచ్చారు, ఇప్పుడు కుదరదు, కనీసం 50/100/25. న్యూహాంప్‌షైర్‌లో ఇప్పటికీ అందరికీ తప్పనిసరి కాదు, కానీ ప్రమాదం చేస్తే నష్టం కట్టగలిగి ఉండాలి. ఫ్లోరిడాలో పద్ధతే వేరు: 10 వేల పిప్, 10 వేల ఆస్తి నష్టం ఉంటే చాలు, అవతలి మనిషి గాయాలకు బీమా మామూలుగా అడగరు. అక్కడ పిప్ డబ్బు కావాలంటే ప్రమాదం జరిగిన 14 రోజుల్లోపు వైద్యుడి దగ్గరకు వెళ్లి తీరాలి. న్యూజెర్సీలో మామూలు (స్టాండర్డ్) పాలసీకి 2026 జనవరి నుంచి కనీసం 35/70/25, పిప్ తప్పనిసరి. అక్కడ ‘దావా హక్కు పరిమితం’ అనే ఎంపిక చౌకగా కనిపిస్తుంది. అది తీసుకుంటే తీవ్రమైన గాయాలకు తప్ప నొప్పికీ బాధకూ దావా వేయలేరు. ఎడిసన్‌లో ఉన్న మనవాళ్లలో ఎంతమంది తెలిసి అది ఎంచుకున్నారో నాకు అనుమానమే. సెలవుల్లో వేరే రాష్ట్రానికి నడుపుకుంటూ వెళ్తే చాలా పాలసీలు ఆ రాష్ట్రపు కనీసానికి వాటంతట అవే సర్దుకుంటాయి. ఇల్లు మారితే మాత్రం పాలసీ మార్చాల్సిందే. టెక్సస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో లైసెన్సు మార్చుకోవాలి. మీకు నాలుగు నెలలైంది, లైసెన్సు సంగతి చూసుకున్నారా?

రేపు ఏజెంటుకు ఫోను చేసి ఇలా అడగండి. లయబిలిటీ 100/300/100. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ గాయాలకు అదే 100/300. పిప్ 10 వేలు, మరీ భారమైతే 5 వేలు. కొలిజన్‌కు 1,000, కాంప్రహెన్సివ్‌కు 500 డిడక్టిబుల్. గ్యాప్ ధర విడిగా చెప్పమనండి. ఇల్లు కొన్నాక అంబ్రెల్లా పాలసీ (మిగతా పాలసీల లయబిలిటీ పరిమితి దాటినదాన్ని భరించేది) గురించి ఆలోచించవచ్చు, ఇప్పుడు అవసరం లేదు. అతను మళ్లీ ‘ఫుల్ కవరేజ్ ఇస్తున్నాను సార్’ అంటే, డిక్లరేషన్స్ పేజీ పంపమని చెప్పి ఫోను పెట్టేయండి. కవరేజ్‌లన్నీ అంకెలతో సహా ఉండేది ఆ ఒక్క పేజీలోనే. పిప్ ఎదురుగా, అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ ఎదురుగా ‘వద్దన్నారు’ అన్న మాట కాకుండా అంకె ఉందో లేదో చూడండి.

సంతకాలు ఈపాటికే పంపేసి ఉంటే కంగారు పడకండి. ఆ కవరేజ్‌లు మళ్లీ చేర్చమని ఎప్పుడైనా అడగవచ్చు. చేర్చిన రోజు నుంచే వర్తిస్తాయి కాబట్టి జూన్ దాకా ఆగవద్దు.